అమ్మాయి ఎంఎస్ కోసం ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ 57 శాతంతో పాసైంది. అమెరికాలో బయోమెడికల్ సైన్సెస్‌లో ఎంఎస్ చేస్తానంటోంది. ఈ మార్కులకూ సీటు ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఇంటి మీద 40 లక్షల విద్యారుణం తీసుకుందామనుకుంటున్నాం. ఖాతాలో చూపించడానికి ఇంకో 10 లక్షలు రెండు రూపాయల వడ్డీకి మాట్లాడాను. నాకు 55 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నెలకు 65 వేలు చేతికొస్తాయి, ఇంటి ఖర్చు 40 వేలు. ఎఫ్‌డీ 3 లక్షలుంది. ఈ ప్లాన్ సరైనదేనా?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ముందు ఆ రెండు రూపాయల వడ్డీ సంగతి. 10 లక్షలకు నెలకు 20 వేలు, అంటే ఏడాదికి 24 శాతం. అదీ ఖాతాలో ఊరికే చూపించడానికి! డబ్బుందన్న రుజువుగా చాలా యూనివర్సిటీలు బ్యాంకు ఇచ్చే లోన్ శాంక్షన్ లెటర్‌నే ఒప్పుకుంటాయి. ఈ అప్పు ఎవరి లాభం కోసం?

ఇక 40 లక్షల అప్పు. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 55 వేలు. రెండేళ్ల చదువు, ఆపై ఒక ఏడాది మారటోరియం (ఈఎంఐ కట్టనక్కర్లేని గడువు) పోతే, అది మొదలయ్యేసరికి మీకు 58 ఏళ్లు. రిటైర్మెంట్ ముంగిట్లో ఉంటారు. ఈలోగా వడ్డీ ఆగదు. పూర్తి సొమ్ము విడుదలయ్యాక ఏడాదికి 4.4 లక్షలు. కట్టకపోతే అదీ అసలులో కలుస్తుంది.

ఆ మధ్యలో మీకేమైనా అయితే? ఉత్తరంలో ఈ మాటే లేదు. బ్యాంకు అంటగట్టే పాలసీ చాలాసార్లు విద్యార్థి ప్రాణానికే, తండ్రికి కాదు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. అప్పు సంతకానికి ముందే మీ పేరున కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) చేతికి రావాలి. ఈ వయసులో ప్రీమియం ఎక్కువే, మెడికల్ టెస్టులూ తప్పవు. కంపెనీ పాలసీ ఇవ్వనంటే ఇల్లు తాకట్టు పెట్టకండి. అత్యవసరానికి పక్కన ఉంచాల్సిన ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు ఈఎంఐలు కలిపితే 5.7 లక్షలు. మీ దగ్గరున్నది 3 లక్షలు. అమ్మాయి మధ్యలో వెనక్కి రావాల్సి వస్తే టికెట్ డబ్బులు ఇందులో కలపలేదు.

కోర్సు పేరు చూసి కూడా మోసపోవద్దు. అమెరికాలో ఈ పేరుతో ఉన్న మాస్టర్స్‌లో కొన్ని, మెడిసిన్ సీటు కోసం మార్కులు మెరుగుపరచుకునే అక్కడి విద్యార్థుల కోసం పెట్టినవి. తక్కువ మార్కుల వాళ్లనూ తీసుకోవడానికి కారణం అదే. వాటిలో థీసిస్, ల్యాబ్ పని నామమాత్రం. మీ అమ్మాయికి కావలసింది ల్యాబ్ ఉద్యోగమైతే, థీసిస్ ఉందా అని యూనివర్సిటీకే మెయిల్ పెట్టి అడగమనండి. కన్సల్టెన్సీని కాదు.

అసలు అక్కడ బయోమెడికల్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. సొంత డబ్బు పోసేది మాస్టర్స్‌కే. ఇక్కడ పీజీ ప్రవేశ పరీక్షలైన గ్యాట్-బీ (బయోటెక్నాలజీకి) లేదా ఏపీ పీజీసెట్ రాసి ఎంఎస్సీ చేస్తే ఖర్చు ఇందులో చిన్న వంతు. సైన్స్ పరిశోధనకు అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌కు జనరల్ వాళ్లకైతే ఎంఎస్సీలో 55 శాతం చాలు, డిగ్రీ మార్కులు అడగరు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు. అమెరికా పీహెచ్‌డీకి అప్పుడూ దరఖాస్తు చేయొచ్చు. 2025లో నిధుల కోతతో అక్కడ కొన్ని చోట్ల సీట్లు తగ్గించారన్నదీ గుర్తుంచుకోండి.

ఆ 10 లక్షలు ఇంకా తీసుకోకపోతే ఈ రోజే వద్దని చెప్పేయండి. తీసుకుని ఉంటే నెల తిరక్కముందే ఇచ్చేయండి.