12 అంకె ఉంది, ‘ఏళ్ళు’ పోయింది: రమ్ము సీసాపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు ఉన్నప్పుడు ప్రతి ఉగాదికీ ఇద్దరం ఒక విదేశీ రమ్ము చెరో పెగ్గు తాగేవాళ్ళం. ఏమీ కలపకుండా నిదానంగా చప్పరించే రకం అది. 2024 నవంబరు 18న తిరుపతిలో ఒక షాపులో అదే రమ్ము నాలుగు సీసాలు, ఒక్కోటి రూ.5,200కు కొన్నాను. రుచి పూర్తిగా మారిపోయింది. ఆరుగురు స్నేహితులూ అదే అన్నారు: ఒకరు తీపి ఎక్కువైందని, ఇంకొకరు తీపే లేదని, మరొకరు గొంతు మండిందని. ఒకరు హైడ్రోమీటరు ముంచితే ఆల్కహాల్ 40 శాతం ఉండాల్సింది 36 చూపింది, నీళ్ళు కలిపారన్నారు. మూడు సీసాలు అయిపోయాయి, ఒకటి సీలు తీయలేదు. దాన్ని అందరి ముందూ తెరిచి వీడియో తీద్దామనుకుంటున్నాం. బిల్లు లేదు, ఫోన్‌పేలో కట్టాను. 2019లో కొన్న పాత సీసాలో ఇప్పుడు మనీప్లాంట్ ఉంది. రెండు సీసాల ఫోటోలూ పంపుతున్నాను. నాన్నగారి జ్ఞాపకాన్ని పాడుచేసిన కంపెనీ మీద రూ.10 లక్షలకు కేసు వేయవచ్చా? ముందు ‘రూ.5 లక్షలు ఇవ్వండి, లేదంటే యూట్యూబ్‌లో పెడతాం’ అని మెసేజ్ పంపమని ఒక మిత్రుడు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: రుచి మారిందన్న ఒక్క మాట మీద కేసు నిలవదు. రెసిపీ మార్చుకునే స్వేచ్ఛ తయారీదారుకు ఉంది. యూరప్‌లో 2021 మే నుంచి రమ్ములో లీటరుకు 20 గ్రాములకు మించి తీపి కలపకూడదన్న నిబంధన అమల్లో ఉంది. అంతకంటే తీపిగా చేసేవాళ్ళు అక్కడ దాన్ని రమ్ము పేరుతో అమ్ముకోవాలంటే తీపి తగ్గించాల్సిందే. అలా మార్చడం మోసం కాదు. మార్చిన సంగతి దాచి పాత మాటనే నమ్మించి అమ్మారా అన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు మీరు పంపిన రెండు ఫోటోల్లో ఉంది. మీరు గమనించినట్టు లేదు. పాత సీసా ముందు లేబుల్‌పై 12 అంకె, దాని కిందే పన్నెండేళ్ళు నిల్వ ఉంచినదని రాసి ఉంది. కొత్త సీసాపై అదే చోట, అదే సైజులో, అదే బంగారు రంగులో 12 ఉంది. ‘ఏళ్ళు’ అన్న మాట మాత్రం మాయమైంది. వెనక లేబుల్‌లో చీమ తలంత అక్షరాల్లో, వేర్వేరు వయసుల రమ్ముల మిశ్రమం అని ఉంది. మీ కేసంతా ఈ తేడా మీదే నిలబడాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) ప్రకారం సరుకు ఫలానా నాణ్యతదని, ఫలానా కూర్పుదని తప్పుగా నమ్మించడం అక్రమ వ్యాపార పద్ధతి. ఎదుటివాళ్ళు వెనక లేబుల్ చూపించి ‘మేం చెప్పాం కదా’ అంటారు. మన వైన్‌షాపుల్లో చాలాచోట్ల జాలీ వెనక నుంచి సీసా అందిస్తారు, తిప్పి చదివి కొనే వీలుండదు. మీరు కొన్న షాపూ అలాంటిదే అయితే ఆ మాట అఫిడవిట్‌లో రాసి, కౌంటరు ఫోటో జతచేయండి.

ఇక మీ స్నేహితుల అభిప్రాయాలు. ఆరుగురూ రుచి మారిందన్నారు నిజమే, కానీ మీరు రాసినదే మళ్ళీ చదవండి. ఒకరు తీపి ఎక్కువైందన్నారు, ఇంకొకరు తీపే లేదన్నారు, మరొకరు గొంతు మండిందన్నారు. ఈ మూడు అఫిడవిట్లూ కలిపి దాఖలు చేస్తే ఎదుటి లాయరుకు పని మిగలదు. పైగా వీళ్ళు పోల్చింది ఏళ్ళనాటి జ్ఞాపకంతో. సగం తాగి మూత పెట్టిన సీసాలో గాలి తగిలి రమ్ము వాసన దానంతటదే మారుతుంది కూడా. అభిప్రాయాలు ఫిర్యాదులో ఒక్క వాక్యానికి మించకూడదు.

హైడ్రోమీటరు సంగతి ఇంకా ప్రమాదం. అది కొలిచేది సాంద్రతను. రమ్ములో చక్కెర ఉంటే సాంద్రత పెరిగి ఆల్కహాల్ తక్కువగా కనిపిస్తుంది. లీటరుకు సుమారు 4 గ్రాముల చక్కెరకు ఒక శాతం తగ్గుతుంది. అంటే 16 గ్రాముల చక్కెర ఉన్నా, ఆల్కహాల్ సరిగ్గా 40 ఉన్నా, మీ మీటరు 36 చూపిస్తుంది. ల్యాబులో ముందు రమ్మును మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి, చక్కెర వెనకే మిగిలిపోయాక వచ్చిన ద్రవాన్ని కొలుస్తారు. ‘నీళ్ళు కలిపారు’ అని రాస్తే నేరం షాపు మీదకు పోతుంది, లేబుల్ వేసినవాళ్ళు తప్పించుకుంటారు. ఆ వాక్యం కొట్టేయండి.

సీలు తీయని సీసాను ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదొక్కటే. వినియోగదారుల చట్టం సెక్షన్ 38(2) కింద వినియోగదారుల కమిషనే (వినియోగదారుల కోర్టు) శాంపిల్ తీసుకుని, సీలు వేసి ల్యాబుకు పంపుతుంది, 45 రోజుల్లో రిపోర్టు అడుగుతుంది. ఫీజు మీరు కట్టాలి. ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 కింద కొనుగోలుదారే ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు గానీ, ఆ ఉద్దేశం కొనేటప్పుడే షాపువాళ్ళకు చెప్పాలి. మీరు చెప్పలేదు కాబట్టి ఆ దారి ఈ సీసాకు లేదు. మామూలు ల్యాబు పరీక్ష ఆల్కహాలు, చక్కెర, రంగు చెబుతుంది, వయసు తేల్చదు. వయసు తేలాలంటే ఆ బ్యాచ్ పీపాల రికార్డులు బయటికి రావాలి. వినియోగదారుల చట్టం సెక్షన్ 38(9) కింద పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. ఫిర్యాదుతో పాటే ఆ దరఖాస్తూ వేయండి.

ఇరవై వేలు పెట్టి కొని బిల్లు అడగకపోవడం మీ తప్పు. లక్ష రూపాయల ఫోన్ కొని బిల్లు పారేసేవాళ్ళూ ఇలాగే వస్తారు, బలం లేని కేసుతో. అదృష్టం కొద్దీ ఫోన్‌పే ఉంది. కానీ అందులో డబ్బు ఎవరికి, ఎప్పుడు, ఎంత వెళ్ళిందనేదే ఉంటుంది, ఏం కొన్నారన్నది ఉండదు. అందుకే బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని, దానితో పాటు సీసా మూత మీది ఎక్సైజ్ స్టిక్కర్ నంబరు జతచేయండి. సీసా ఏ షాపుకి వెళ్ళిందో ఆ నంబరుతో ఎక్సైజ్ రికార్డుల్లో తేల్చవచ్చు. ఫోన్ స్క్రీన్‌షాట్లు పెడితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించేది) కూడా పెట్టండి. పాత సీసాలోంచి మనీప్లాంట్ ఈరోజే తీసేయండి. నీళ్ళకు నాని ఆ లేబుల్ ఊడిపోయిందంటే ‘ఏళ్ళు’ అన్న మాటకు మీ దగ్గర ఫోటో తప్ప ఏమీ మిగలదు.

ఫిర్యాదు వేసే గడువు వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ళు. మీకు తేడా తెలిసింది తర్వాతేనని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకండి. కొన్న తేదీ నుంచే లెక్కేసుకుని 2026 నవంబరు 18 దాటనివ్వకండి. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయని గడువు ఆగదు. చాలామంది ‘పరిశీలిస్తున్నాం’ అన్న జవాబులు దాచుకుంటూనే రెండేళ్ళూ పోగొట్టుకుంటారు.

మీ మిత్రుడి సలహా పాటిస్తే ఫిర్యాదుదారుగా ఉన్న మీరు ముద్దాయి అవుతారు. డబ్బివ్వకపోతే పరువు తీస్తామని రాతలో బెదిరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు కేసుకు దారి తీస్తుంది. వీడియోలో ‘నకిలీ’ అన్నారంటే సెక్షన్ 356 కింద పరువునష్టం కేసు వేరే. ఆ మెసేజ్ ఇప్పటికే పంపి ఉంటే, ఇంకేమీ పంపకుండా స్థానిక లాయరును కలవండి.

చేయాల్సింది ఇది. సీలు సీసాను నాలుగు వైపులా ఫోటో తీయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఆల్కహాల్ శాతం, దిగుమతిదారు చిరునామా చదవగలిగేలా ఉండాలి. తర్వాత నిలువుగా అట్టపెట్టెలో పెట్టి చల్లని చోట ఉంచండి. దిగుమతిదారుకు అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్‌పోస్టులో నోటీసు పంపి, 15 రోజుల గడువిచ్చి మూడు ప్రశ్నలు అడగండి. రెసిపీ ఎప్పుడు మారింది? లేబుల్‌పై 12కు అర్థమేమిటి? ఈ బ్యాచ్‌లో అన్నిటికంటే తక్కువ వయసు రమ్ము ఎన్నేళ్ళది? నాన్నగారి ప్రస్తావన నోటీసులో వద్దు. జవాబు రాకపోయినా, దాటవేసినా ఆ నోటీసే మీకు సాక్ష్యం. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి.

మీరు తిరుపతిలో నివసిస్తున్నారు కాబట్టి వినియోగదారుల చట్టం సెక్షన్ 34 ప్రకారం ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. ఫీజు మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. రూ.5 లక్షల లోపు ధరకు ఫీజు లేదు, మీది రూ.20,800. దిగుమతిదారును మొదటి ప్రతివాదిగా, షాపును రెండో ప్రతివాదిగా చూపండి. షాపు నుంచి పరిహారం అడగకండి, అమ్మకం రుజువు కోసమే వాళ్ళు అవసరం. రూ.10 లక్షలు అడగకండి, ఆధారం లేని అంకె మీ మిగతా మాటల విలువనూ తగ్గిస్తుంది. సీసాల ధర, ఖర్చులు, కొద్దిపాటి పరిహారం అడగండి. వాటితో పాటు ఆ 12 అంకెకు అర్థం ముందు లేబుల్‌పైనే రాయాలని, సవరణ ప్రకటన ఇవ్వాలని సెక్షన్ 39 కింద తప్పకుండా కోరండి.