ప్రీ-కమిట్ హుక్‌లో మారిన ఫైళ్ల పేర్లు తెలుసుకోవడం ఎలా?

గిట్ అనేది ఫైళ్లలో మార్పులను భద్రపరిచే సాధనం; అలా భద్రపరిచిన ఒక్కో మార్పుల కట్టను కమిట్ అంటారు. కమిట్ ఏర్పడే ముందు గిట్ తానే నడిపే స్క్రిప్టులో, అంటే ప్రీ-కమిట్ హుక్‌లో, హెడ్ (ప్రస్తుత కమిట్‌ను సూచించే పేరు) మీద 'గిట్ డిఫ్-ట్రీ' (కమిట్‌లో మారిన ఫైళ్లను చూపే కమాండు) నడిపితే ఇప్పుడు మార్చిన ఫైళ్లకు బదులు కిందటి కమిట్‌లోని ఫైళ్ల పేర్లు వస్తున్నాయని మీరు అడిగారు. ఆ హుక్ నడిచే సమయానికి కొత్త కమిట్ ఇంకా ఏర్పడదు కనుక, హెడ్ పాత కమిట్‌నే సూచిస్తూ ఉంటుంది. నేనూ మొదట ఇలాగే రాసి, ఒక పూటంతా స్క్రిప్టులో లేని తప్పు కోసం వెతికాను.

ఇక్కడ అడగవలసింది ఇండెక్స్‌ను, అంటే తరువాతి కమిట్‌లోకి వెళ్లవలసిన ఫైళ్ల ప్రతులను 'గిట్ యాడ్'తో చేర్చి ఉంచే చోటును. 'గిట్ డిఫ్'కు 'క్యాష్డ్', 'నేమ్-ఓన్లీ' ఆప్షన్లు ఇస్తే, 'గిట్ యాడ్' చేసిన ఫైళ్ల పేర్లు మాత్రమే వస్తాయి. 'డిఫ్-ఫిల్టర్'కు చిన్న అక్షరం 'డి' ఇస్తే తొలగించిన ఫైళ్లు జాబితాలో ఉండవు. లేని ఫైలును తెరవబోయి హుక్ ఆగిపోయే ఇబ్బంది దీనితో తప్పుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టిన పొరపాటు దీని తరువాతిది. పేర్లను ఇండెక్స్ నుంచి తీసుకుని, పాఠాన్ని మాత్రం డిస్క్ మీది ఫైలు నుంచి చదివేలా మా ప్రాజెక్టుకు ఒక హుక్ రాశాను. మా సహోద్యోగి ఒకరు యాడ్ చేసిన తరువాత ఫైలులో తప్పు దిద్ది, మళ్లీ యాడ్ చేయకుండానే కమిట్ చేయడంతో, హుక్ దిద్దిన ప్రతిని చూసి సరేనంది, తప్పున్న ప్రతి కమిట్‌లోకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి 'గిట్ షో'కు ఫైలు దారి ముందు కోలన్ గుర్తు పెట్టి, ఇండెక్స్‌లోని ప్రతినే పరీక్షిస్తున్నాను. తనిఖీ చేసే హుక్ రాసే వారెవరైనా ఈ ఒక్క విషయం తప్పక పాటించాలని నా గట్టి అభిప్రాయం.

ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే మరొక చిక్కు ఉంది. గిట్ సహజంగా అటువంటి పేర్లను కొటేషన్ గుర్తుల మధ్య బ్యాక్‌స్లాష్‌లు, అంకెలుగా చూపిస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు కనుక ఆ పేరు గుర్తుపట్టలేనంత పొడవవుతుంది. 'జెడ్' ఆప్షన్ ఇచ్చి, పేర్లను నల్ బైట్ (విలువ సున్నా అయిన బైట్) దగ్గర విడదీసి చదివితే, ఈ చిక్కుతోపాటు పేర్లలో ఖాళీలు ఉన్నప్పుడు వచ్చే ఇబ్బందీ తీరుతుంది.

మీకు కావలసింది నివేదిక మాత్రమే అయితే, మీ డిఫ్-ట్రీ కమాండునే 'ఆర్', 'నేమ్-ఓన్లీ', 'నో-కమిట్-ఐడీ' ఆప్షన్లతో, కమిట్ ఏర్పడ్డాక నడిచే పోస్ట్-కమిట్ హుక్‌లో పెట్టండి. మొట్టమొదటి కమిట్‌కు 'రూట్', రెండు శాఖలను కలిపే మెర్జ్ కమిట్‌లకు 'ఎమ్' కూడా ఇవ్వకపోతే జాబితా ఖాళీగా వస్తుంది. అయితే పోస్ట్-కమిట్ హుక్ కమిట్‌ను ఆపలేదు, ప్రీ-కమిట్ హుక్‌ను 'నో-వెరిఫై' ఆప్షన్‌తో ఎవరైనా దాటిపోగలరు. కచ్చితంగా అడ్డుకోవలసిన తనిఖీ ఏదైనా ఉంటే దాన్ని సర్వర్‌లో, పంపిన కమిట్‌లను స్వీకరించే ముందు నడిచే ప్రీ-రిసీవ్ హుక్‌లో ఉంచండి.