లింక్ ఏఆర్టీలో డాక్టర్ లేకుండా సిస్టరే మందులిస్తే పర్వాలేదా?

మీ తమ్ముడి హెచ్‌ఐవీ మందులు జిల్లా ఏఆర్టీ సెంటర్ (హెచ్‌ఐవీకి మందులిచ్చే ప్రభుత్వ కేంద్రం) నుంచి ఊరి దగ్గరి ఆసుపత్రికి, అంటే లింక్ ఏఆర్టీకి మార్చారని, అక్కడ సిస్టర్ తప్ప ఎవరూ చూడట్లేదని రాశారు. మీ టెన్షన్ నాకు తెలుసు. నేను 2009 నుంచి మందులు వాడుతున్నాను. మొదటి ఐదేళ్లు పెద్దాసుపత్రికి తిరిగాను, ఆ తర్వాత నుంచి లింక్ ఏఆర్టీకే వెళ్తున్నాను.

పెద్దాసుపత్రి అంటే తెల్లారుజామున మొదటి బస్సు, ఆ రోజు కూలి పోయినట్టే. ఒక ఏడాది మిరపకోతలప్పుడు వెళ్లలేక నెల రోజులు మాత్రలు మానేశాను. ఈ జబ్బులో అసలు ప్రమాదం అదే. మందు ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఆగుతూ సాగుతూ వాడితే ఆ మందే పనిచేయకుండా పోవచ్చు.

లింక్ సెంటర్‌లో సిస్టర్ ముందు బరువు చూస్తారు. తర్వాత డబ్బా మూత తీసి, మిగిలిన మాత్రలు కాగితం మీద పోసి లెక్కపెడతారు. ఒకసారి నాలుగు ఎక్కువ మిగిలాయి. కోప్పడలేదు. "ఆ రోజుల్లో ఎక్కడున్నావక్కా?" అని అడిగారు. చెల్లెలి ఇంట్లో పెళ్లి. సంచిలో డబ్బా గలగలమంటే అందరూ చూస్తారని బయటికే తీయలేదు. ఆమె లేచి వెళ్లి ఇంత దూది తెచ్చి డబ్బాలో కూరి, ఊపి చూపించారు. చప్పుడు లేదు. ఆ తర్వాత ఏ పెళ్లికెళ్లినా మాత్ర తప్పలేదు.

మోకాళ్ల నొప్పులకు నేను వాడే కాల్షియం మాత్రలు పట్టుకున్నదీ ఆమే. పరగడుపున నా హెచ్‌ఐవీ మాత్ర టీఎల్‌డీతో కలిపి మింగుతున్నానని తెలిసి, కాల్షియానికి రెండు గంటల ముందైనా ఆరు గంటల తర్వాతైనా టీఎల్‌డీ వేసుకోమన్నారు. రెండూ కలిస్తే టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్ అనే మందు ఒంటికి సరిగా పట్టదట.

మన దగ్గర మందు మొదలుపెట్టేది, మార్చేది ఏఆర్టీ సెంటర్ డాక్టరే. లింక్ సెంటర్ పని, ఆరోగ్యం కుదురుగా ఉన్నవాళ్లకు మందులిచ్చి కనిపెట్టుకుని ఉండటం. దక్షిణాఫ్రికాలో డాక్టర్లు చాలక 2010 నుంచి పల్లె క్లినిక్‌ల నర్సులే మందులు మొదలుపెడుతున్నారు. అక్కడి ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో పరిశీలించి చూస్తే, నర్సులు చూసినంత మాత్రాన ఎక్కువ మంది చనిపోలేదని తేలింది.

అలాగని అన్నీ సిస్టర్ దగ్గరే తేలవు. దగ్గు, జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం, కళ్లు పచ్చబడటం, ఒంటి మీద దద్దుర్లు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) పెరగడం, వీటిలో ఏది వచ్చినా డాక్టర్ చూడాల్సిందే. మంచి సిస్టర్ అయితే తనే పంపిస్తారు. పంపకపోతే మీరే అడగండి. వైరల్ లోడ్ పరీక్ష ఏడాదికోసారి చేశారా, ఎంత వచ్చింది అనేది కూడా అడిగి అతని మందుల పుస్తకంలో రాయించుకోండి.

ఊరివాళ్ల కంట పడతాడనే భయం ఉంటే అది చిన్న విషయం కాదు. నేనూ మొదటి నెలలు కొంగు కప్పుకుని వెళ్లాను. మరీ ఇబ్బందైతే వేరే మండలంలోని లింక్ సెంటర్‌కు రాయమని ఏఆర్టీ సెంటర్‌లో అడగండి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అతని వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రిదే.

మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. పుస్తకంతో పాటు మెడికల్ షాపులో కొన్న మాత్రలు ఏవున్నా సంచిలో వేసుకెళ్లి సిస్టర్‌కు చూపించండి.