పార్సిల్ మీద ఉండేది నీ పేరే

అమ్మలూ,

నువ్వు సొంతంగా ఎఫ్‌పీవీ డ్రోన్, అంటే దాని కెమెరా చూపించేది కళ్లద్దాల్లో చూస్తూ నడిపే డ్రోన్, కట్టబోతున్నావనీ, మోటార్లు, ఫ్రేము, ఫ్లైట్ కంట్రోలర్ అన్నీ విదేశాల నుంచే తెప్పిస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. బొమ్మకారు మోటారు ఊడదీసి ఫ్యాను చేసిన పిల్లవి, ఇదీ చేసేస్తావు. సోల్డరింగ్ గురించి నాకు దిగుల్లేదు. దిగులంతా కస్టమ్స్ గురించే.

ముందు లెక్క. చాలా దేశాల్లో వస్తువు ధర, రవాణా, బీమా మూడూ కలిపిన మొత్తం మీద సుంకం వేస్తారు. ఆ సుంకాన్ని కూడా కలుపుకుని, వచ్చినదాని మీద వ్యాట్ గానీ జీఎస్టీ గానీ వేస్తారు. వస్తువు 100, రవాణా బీమా కలిపి 20, సుంకం 10 శాతం, వ్యాట్ 20 శాతం అనుకో. 120 మీద సుంకం 12. 132 మీద వ్యాట్ 26.40. కట్టాల్సింది 38.40. పదీ ఇరవై కలిపి ముప్పై అనుకున్నవాళ్లకు ఇక్కడే లెక్క తప్పుతుంది. అమెరికా, కెనడా లాంటి దేశాలు సుంకం లెక్కలో అంతర్జాతీయ రవాణా ఖర్చు కలపవు. నువ్వున్న చోట ఏ పద్ధతో చూసుకో.

ఇంత విలువలోపు పన్ను ఉండదని ఎవరో ఎప్పుడో రాసింది నమ్మి ఆర్డర్ పెట్టకు. 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపును యూరోపియన్ యూనియన్ 2021 జూలై 1న ఎత్తేసింది. అమెరికా తన 800 డాలర్ల మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. ఆర్డర్ పెట్టే రోజున కస్టమ్స్ శాఖ సైట్‌లో ఏముందో అదే చూడు.

సుంకం ఎంత శాతమో తేల్చేది హెచ్‌ఎస్ కోడ్, అంటే ఏ సరుకు ఏ రకమో చెప్పే వర్గీకరణ నంబరు. మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతా ఒకటే, తర్వాతివి ఏ దేశానివి ఆ దేశానివి. ఎలక్ట్రిక్ మోటార్లు 8501 కింద, లిథియం అయాన్ బ్యాటరీలు 8507.60లో, రిమోట్ కంట్రోల్ రేడియోలు 8526.92లో, డ్రోన్ ప్రొపెల్లర్లు 8807.10లో వస్తాయి. అన్నీ ఒకే పెట్టెలో, ఒకే కిట్‌గా తెప్పించకు. విడదీసి పంపినా పూర్తి సామాను ఉంటే దాన్ని పూర్తి వస్తువుగానే, అంటే 8806 కింద డ్రోన్‌గానే చూడాలన్నది వర్గీకరణ నియమం. ఇది శాతాల తేడాతో పోయేది కాదు. భారతదేశం 2022 ఫిబ్రవరి 9 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, తయారైన డ్రోన్ల దిగుమతినీ వాటి కిట్ల దిగుమతినీ నిషేధించింది. విడిభాగాలను మాత్రం అనుమతి అక్కర్లేకుండా రానిస్తోంది.

ఇక అసలు సంగతి. ఈ హాబీలోకి వచ్చిన ప్రతివాళ్లకూ ఎవరో ఒకరు చెవిలో ఊదే పాత సలహా ఒకటుంది: ‘అమ్మేవాణ్ణి ధర తగ్గించి రాయమను, లేదా గిఫ్ట్ అని రాయమను.’ వద్దమ్మా. గిఫ్ట్ మినహాయింపు అంటూ ఉన్న చోట్ల కూడా అది ఒక మనిషి ఇంకో మనిషికి డబ్బు తీసుకోకుండా పంపినదానికే. దుకాణం పేరున్న పెట్టె మీద గిఫ్ట్ అని ఉంటే తనిఖీ చేసేవాళ్ల చూపు ముందు దాని మీదే పడుతుంది. నాలుగు బ్రష్‌లెస్ మోటార్లకు రాసిన ధర ఒక్క మోటారుకు కూడా సరిపోదని వాళ్లకు తెలుసు. అనుమానం వస్తే నువ్వు కట్టిన ధర చూపించమంటారు. చూపించలేకపోతే అలాంటి సరుకు ఏ ధరకు దిగుమతి అయిందో దాన్ని బట్టి విలువ కడతారు. ఈలోగా పార్సిల్ గోదాములో ఉన్నందుకు అద్దె, ఆపైన జరిమానా, కొన్నిసార్లు సరుకు జప్తు.

దారిలో పెట్టె పోయిందనుకో, పరిహారం కాగితం మీద రాసిన విలువకే వస్తుంది. రాసింది పది అయితే చేతికొచ్చేదీ పదే. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. ఆ కాగితం మీద దిగుమతిదారుగా ఉండేది నీ పేరు. అబద్ధం రాసింది అమ్మేవాడైనా, అడిగితే జవాబు చెప్పాల్సింది నువ్వు. కొంతమంది మనం అడక్కుండానే ఉపకారం చేస్తున్నామనుకుని తగ్గించి రాస్తారు. అందుకే ఆర్డర్ పెట్టే ముందే ‘నేను కట్టిన ధరే ఇన్‌వాయిస్‌లో రాయండి’ అని మెసేజ్ పెట్టు. ఆ మెసేజ్, ఆర్డర్ పేజీ, బ్యాంకు చెల్లింపు రసీదు ఒకచోట దాచుకో. డిస్కౌంట్ నిజంగా వస్తే అది ఇన్‌వాయిస్‌లో కనబడేలా రాయించుకో, తగ్గిన ధరే విలువ అవుతుంది. అది నీ హక్కు, వదులుకోకు.

వివరం కూడా అంతే. ‘యాక్సెసరీస్’ అని రాస్తే పెట్టె విప్పి చూడాల్సిందే. ‘బ్రష్‌లెస్ డీసీ మోటారు, 2207, 1950 కేవీ, 4’ అని, అంటే రకం, సైజు, వోల్టుకు తిరిగే వేగం, ఎన్నో అన్నీ చెప్పేలా, పక్కనే ఒక్కోదాని ధర రాయించు.

బ్యాటరీలు మాత్రం బయటి నుంచి తెప్పించకు, నువ్వున్న దేశంలోనే కొను. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను, అంటే యూఎన్ 3480 సరుకును, 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో కార్గోగా ఎక్కించనివ్వరు. డ్రోన్లలో వాడే లైపోలు, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీలు కూడా ఇందులోకే వస్తాయి. చార్జింగ్ 30 శాతం మించకుండా సరుకు విమానంలో పంపాలి. ఇది తప్పించుకోవడానికి ‘ప్లాస్టిక్ బొమ్మ’ అని రాసి పంపేవాళ్లున్నారు. ఆ పెట్టె అంటుకుంటే పోయేది సరుకు ఒక్కటే కాదు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు తల్లీ.

పోస్టా, కొరియరా అంటే, చిన్న పార్సిల్‌కు పోస్టే నయం. కొరియర్‌వాళ్లు నీ తరఫున ముందుగా పన్ను కట్టి, ఆ సేవకు రుసుము వేస్తారు. దానికి కనీస మొత్తం ఉంటే, చిన్న సరుకు మీద అది పన్నునే మించిపోవచ్చు. ‘సుంకం కట్టండి’ అని ఫోనుకొచ్చే లింకు ఎప్పుడూ నొక్కకు. ట్రాకింగ్ నంబరు నువ్వే ఆ పోస్టు లేదా కొరియర్ సైట్‌లో వేసి చూసుకో.

ఏదైనా పాడై వచ్చి వెనక్కి పంపాల్సి వస్తే, పంపక ముందే కస్టమ్స్‌ను సుంకం వాపసు సంగతి అడుగు. మొదటిసారి పన్ను వేసిన కాగితం, తిప్పి పంపిన రసీదు రెండూ లేకపోతే వాపసు రాబట్టడం కష్టం. బదులుగా ఉచితంగా వచ్చే భాగానికీ విలువ సున్నా అని రాయకూడదు, అసలు విలువే రాయించాలి.

ఆర్డర్ నొక్కే ముందు తెప్పించబోయే భాగాల జాబితా నాకు పంపు, ట్రాన్స్‌మిటర్, అంటే రిమోట్ రేడియో, మోడల్ నంబరుతో సహా. ఒకే మోడల్ యూరప్‌కు 868 మెగాహెర్ట్జ్‌లో, అమెరికాకు 915లో అమ్ముతారు. నీకు చెల్లనిది వస్తే రేడియో అనుమతి దగ్గర ఆగిపోతుంది, సుంకం కట్టినా వదలరు.

మీ మావయ్య