దారి పాపనే చూపించమనండి

ప్రశ్న: మేమిద్దరం పల్లెలో పెరిగాం. మా పాపకి తొమ్మిదేళ్లు, పుట్టినప్పటి నుంచీ పదకొండో అంతస్తులోనే. లిఫ్టు, కారు, స్కూలు, ఇదే దాని లోకం. రోజూ వెళ్లే స్కూలుకి దారి చెప్పమంటే చెప్పలేకపోయింది. పెరిగిన చోటు మనిషిని నిజంగా అంత మారుస్తుందా? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మారుస్తుందమ్మా. నా చిన్నప్పుడు మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. బండి వస్తోందంటే అమ్మ మాట మధ్యలో ఆపేసేది. గరిటె అలాగే పట్టుకుని నిలబడి, చివరి పెట్టె దాటాక ఆగిన పదం దగ్గరే మళ్లీ అందుకునేది. ఆ ఇల్లు వదిలి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పటికీ పెద్ద చప్పుడు వినిపిస్తే నా నోరు దానంతటదే మూతపడుతుంది.

అందుకే న్యూయార్క్‌లో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో చేసిన అధ్యయనం నాకు బాగా గుర్తుండిపోయింది. ఒకే స్కూల్లో రైలు పట్టాల వైపు గదుల్లో చదివే పిల్లలు అవతలి వైపు వాళ్లకంటే చదవడంలో వెనకబడ్డారు. ఆరో తరగతి వచ్చేసరికి తేడా దాదాపు ఏడాది! తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, తరగతి గదుల పైకప్పులకి చప్పుడు పీల్చే పలకలు బిగించారు. మళ్లీ పరీక్షించి చూస్తే ఆ తేడా పోయింది. అంటే లోపం పిల్లల్లో లేదు, కిటికీ అవతల ఉంది.

ఇక మీ పాప సంగతి. దారి కనుక్కునే ఒక వీడియో గేమ్‌ని 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మంది చేత ఆడించి చూశారు, ఆ ఫలితం 2022లో ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. నగరాల బయట పెరిగినవాళ్లు దారి కనుక్కోవడంలో మెరుగ్గా ఉన్నారు. గళ్ల కాగితంలా తిన్నని వీధులున్న నగరాల్లో పెరిగినవాళ్లు వంకర దారుల్లో తడబడ్డారు. ఇవి సగటు లెక్కలే. పల్లెలో పెరిగి నాలుగు వీధులు దాటితే తికమకపడేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

నాకు అర్థమైందేమిటంటే, ఊరు మనలోకి వచ్చేది రోజూ మన చేత చేయించే చిన్న చిన్న పనుల్లోంచి. మీకు దారులు తెలిసింది పల్లె గాలి వల్ల కాదు, ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించకపోవడం వల్ల. పాపకి ఆ పని ఇంకా ఎవరూ ఇవ్వలేదు, అంతే. దానికోసం ఇల్లు మారక్కర్లేదు.

ఈ ఆదివారం కారు తియ్యకండి. స్కూలు దాకా పాపని ముందు నడవమని, మీరు రెండడుగులు వెనక ఉండండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోండి. తప్పు మలుపు తిరిగితే వెంటనే పిలవకండి, కాసేపు దాని వెంటే నడవండి.