బొట్టు సంగతి తర్వాత, ముందు బావగారు రాసిచ్చిన కాగితం చూడండి

అమ్మా, మీ ఉత్తరం ఆరు పేజీలుంది. ఉద్దానంలో మీ ఊరు, సంఘం పనుల మీద తిరిగే మీ ఆయన, ఏడు నెలల కిందట సివిల్ డ్రెస్సులో వచ్చిన నలుగురు టీ కొట్టు దగ్గర ఆయన్ని బండెక్కించుకుపోవడం, ఇదంతా మొదటి పేజీలోనే అయిపోయింది. మిగతా అయిదూ అత్తగారి మీద ఫిర్యాదులే. ఏడాది లోపు కర్మ చేయించేయమని చుట్టాలంటే ఆవిడ కొట్టడానికి లేస్తోందట. మీరు బొట్టు తీస్తే తన కొడుకుని చంపేసినట్టేనంటోందట. మీరు బొట్టుతో కనిపిస్తే పేరంటాళ్లు మొహం తిప్పుకుంటున్నారట. బొట్టు పెట్టుకోనా, మాననా అని అడిగారు.

పెట్టుకోవాలనుంటే పెట్టుకోండి, లేదంటే మానండి. దానికి నా సలహా అక్కర్లేదు, పేరంటాళ్లది అసలే అక్కర్లేదు.

మూడో పేజీలో మాటవరసకి ఒక ముక్క రాశారు చూడండి, గొడవంతా అక్కడుంది. "స్టేషన్ పనులన్నీ బావగారే చూసుకుంటున్నారు. తప్పిపోయినట్టు కంప్లయింటు కూడా ఆయనే ఇచ్చారు, ఆడవాళ్లు రాకూడదన్నారు." మనసు బాగోక ఇల్లు విడిచి వెళ్లిపోయాడని అందులో రాశారట. ఆ కాగితం ఎంత పని చేస్తుందో మీ ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. తప్పిపోయిన మనిషంటే ఫోటో పక్క స్టేషన్లకి పంపి ఫైలు పక్కన పెడతారు. రేపు మీరు హైకోర్టుకెళితే ప్రభుత్వ ప్లీడరు మొదట తీసేది ఆ కాగితమే: ఇంటివాళ్లే వెళ్లిపోయాడన్నారు, మేం పట్టుకెళ్లలేదు అని.

బావగారు చెడ్డవాడని నేననను. మాస్టారు ఉద్యోగం, కొడుకేమో కానిస్టేబుల్ సెలక్షన్లలో ఉన్నాడని మీరే రాశారు. 1969, 70ల్లో నక్సలైట్ పోరాటమప్పుడు శ్రీకాకుళం ఏం చూసిందో వింటూ పెరిగిన మనిషికి ఖాకీ అంటే వణుకు పుట్టడం వింత కాదు. భయపడితే పడ్డారు. మీ బదులు సంతకం పెట్టే పెద్దరికం మాత్రం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. మీరూ "పెద్దాయన చూసుకుంటున్నారు కదా" అని ఏడు నెలలు కూర్చున్నారు, అది నాకు నచ్చలేదు.

ఇప్పుడు మీ పేరుతో మీరే కంప్లయింటు రాయండి. తారీఖు, వేళ, టీ కొట్టు ఏ రోడ్డు మీదుంది, బండి రంగు, నంబరులో గుర్తున్న అంకెలు, వచ్చినవాళ్లు ఏ భాష మాట్లాడారు, ఆయన్ని ఏ పేరు పెట్టి పిలిచారు, ఒంటిమీద ఏ చొక్కా, జేబులో ఏ ఫోను, ఇవన్నీ ఉండాలి. మీరక్కడ లేరు కాబట్టి "టీ కొట్టతను చెప్పాడు" అనే రాయండి, చూసినట్టు రాయొద్దు. ఒక్క అబద్ధం దొరికితే కాగితం మొత్తం కొట్టుకుపోతుంది. బావగారి కంప్లయింటుని దాచొద్దు. అది ఫలానా తేదీన నాకు తెలియకుండా ఇచ్చారని మీరే రాసేయండి, అప్పుడు దాని కోర సగం ఊడుతుంది. స్టేషన్లో తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జిమెంటుతో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి.

దానితోపాటే అమరావతి హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్. ప్లీడరు ఫీజుకి బెంగ పడొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఈ పిటిషన్లు ఎక్కువగా ఎక్కడ ఓడతాయంటే, పోలీసులు "మా దగ్గర లేడు" అని కౌంటరు వేశాక ఇటు చేతిలో ఏమీ లేకపోవడం దగ్గర. 1982లో మణిపూర్‌లో ఇద్దరు మనుషుల్ని సైన్యం క్యాంపుకి తీసుకెళ్లి, తర్వాత వెళ్లిపోయారని చెప్పింది. వాళ్లు క్యాంపులో ఉండగా చూసినవాళ్ల మాటని సుప్రీంకోర్టు నమ్మింది. 1984లో ఇద్దరి భార్యలకీ చెరో లక్ష ఇమ్మంది. అందుకని టీ కొట్టతని అఫిడవిట్ ఇప్పుడే తీసుకోండి, ఏడాది పోతే అతనికీ భయం వేస్తుంది. బజారు కెమెరాల రికార్డింగు ఈపాటికి చెరిగిపోయే ఉంటుంది. స్టేషన్ కెమెరాలది మాత్రం 18 నెలలు ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్నీ, ఆయన ఫోను టవర్ల వివరాలనీ చెరపకుండా ఉంచమని పిటిషన్లోనే అడిగించండి. కస్టడీలో మనిషి మాయమైతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలని బీఎన్ఎస్ఎస్ 196(2) చెబుతోంది, ప్లీడరుకి గుర్తు చేయండి. మానవ హక్కుల కమిషన్ ఏడాది దాటిన ఫిర్యాదు తీసుకోదు, మీకింకా అయిదు నెలలే ఉంది. అవతల ఒడిశా కాబట్టి పర్లాకిమిడి, బరంపురం కోర్టుల రిమాండ్లు కూడా చూడాలి. ఇక్కడ ఎత్తుకెళ్లి అక్కడ, వేరే తేదీతో అరెస్టు చూపించడం కొత్తేం కాదు.

ఇక అత్తగారు. చెప్పడానికి కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. గుర్తు తెలియని శవాల రికార్డులు ఆసుపత్రుల్లో చూడాల్సి వస్తే, డీఎన్ఏ పోల్చడానికి మీ రక్తం పనికిరాదు. తల్లిది కావాలి. మీరు అయిదు పేజీలు తిట్టిన మనిషే మీకు అందరికన్నా అవసరమైన మనిషి. పిటిషన్లో రెండో పిటిషనరుగా ఆవిడ్ని పెట్టండి. ఆయన దువ్వెన ఎవరూ వాడకుండా వెంట్రుకలతో సహా కాగితం కవరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ పట్టి పాడవుతుంది. పాత ఎక్స్‌రేలుంటే అవీ.

కర్మ విషయంలో మాత్రం నేను ఆవిడ పక్షమే. వితంతు పెన్షన్ నెలకి 4,000 వస్తుంది, దరఖాస్తు పెట్టమని తోడికోడలు చెప్పిందన్నారు. పెట్టొద్దు. ఆయన పోయాడని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, ఆ దరఖాస్తు కూడా ప్రభుత్వ ప్లీడరు చేతికొస్తుంది. అర్జెంటీనాలో 1994లో, శ్రీలంకలో 2016లో ఇలాంటి కుటుంబాల కోసం చావు మాట ఎత్తకుండా "ఆచూకీ లేదు" అని రాసిచ్చే చట్టాలు తెచ్చారు. మన దగ్గర అలాంటిది లేదు, ఏడేళ్లు అయిపూ అజా లేకపోతేనే చనిపోయినట్టు కోర్టు అనుకుంటుంది. బడిలో పిల్లాడి ఫారంలో తండ్రి పేరు ముందు "లేట్" పడకుండా చూసుకోండి. ఫలానా జైల్లో చూశాను, ఇరవై వేలిస్తే మాట్లాడిస్తానని వచ్చేవాడు కూడా తప్పకుండా వస్తాడు. ఆయన చేత్తో రాసిన చీటీ తెమ్మనండి, మళ్లీ కనిపించడు.

బావగారితో పోట్లాడకండి. ఆ కంప్లయింటు జిరాక్సు ఇమ్మనండి, అలా రాయమని చెప్పిందెవరని ఒక్కసారి అడగండి. జవాబు అఫిడవిట్‌గా ఇస్తే మీ కేసుకి అంతకన్నా బలం లేదు. ఇవ్వనంటే వదిలేయండి. సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్సుకి మీరూ అత్తగారూ వెళ్లండి. రసీదు మీద ఫోన్ నంబరు అడుగుతారు. బావగారిది కాదు, మీది చెప్పండి.