రక్తం బొట్టు, లేజర్ కాంతి, మీ అమ్మాయి చదువు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఎంపీసీ ఫైనలియర్. లేజర్‌తో రక్తాన్ని పరీక్షించి క్యాన్సర్‌ను కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. ‘ఏఐతో క్యాన్సర్ నిర్ధారణ’ అని ఏడాది కోర్సు ఉంది, ఉద్యోగం త్వరగా వస్తుందంటున్నారు. అదా, ఎమ్మెస్సీ ఫిజిక్సా? ఆడపిల్ల, త్వరగా సెటిల్ కావాలి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ కోర్సు గురించి కాదండీ, ఆ ‘సెటిల్’ గురించి. ముందు అదే చెబుతాను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టినా ఆ భారం మీ మీద పడనక్కర్లేదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000. హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటద్దె భత్యం, అదనం.

ఏడాది కోర్సు మీద మాత్రం నాకు నమ్మకం లేదు. సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మీద లేజర్ వేస్తే, సుమారు కోటి ఫోటాన్లలో (కాంతి రేణువుల్లో) ఒక్కటే రంగు మారి వస్తుంది. సర్ సి.వి. రామన్ 1928లో కనుగొన్నది ఈ మార్పునే. క్యాన్సర్ జాడ వెతికేది ఇందులోనే. ఇంత చిన్న సంకేతాన్ని సీరమ్‌లోంచే వచ్చే ఫ్లోరోసెన్స్ (లేజర్ తగిలి సీరమ్ తానే వెదజల్లే వెలుగు) ముంచేస్తుంది. షుగరు, ఇన్ఫెక్షన్, చివరికి శాంపిల్ నిల్వ చేసిన తీరు కూడా ఆ సంకేతాన్ని మార్చేస్తాయి. కంప్యూటర్ పట్టుకున్నది క్యాన్సర్‌నా, ఫ్రిజ్ తేడానా? ఫిజిక్స్ రాకుండా ఇది తేల్చలేం. ఆరోగ్యంగా ఉన్న 10,000 మందిలో నూటికి ఐదుగురికి క్యాన్సర్ ఉందని తప్పు చెప్పే పరీక్ష 500 ఇళ్లలో నిద్ర లేకుండా చేస్తుంది. అందుకే ఈ పద్ధతి ఇంకా చాలావరకు ల్యాబుల్లోనే ఉంది. క్యాన్సర్‌ను ఖాయం చేసేది నేటికీ ప్రధానంగా బయాప్సీయే (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష). అమ్మాయికి ఈ మాట దాచకండి.

‘ఆడపిల్ల’ అని రాశారు. అబ్బాయైతే ఈ ప్రశ్న అడిగేవారా? డిగ్రీలోనే ఇంత స్పష్టంగా కోరిక చెప్పే పిల్లలు నా దగ్గరకు అరుదుగా వస్తారు. ఆ కోరికను పెళ్లి లెక్కలతో నలిపేయకండి.

ఎమ్మెస్సీలో లేజర్లు, స్పెక్ట్రోస్కోపీ (కాంతిని విడగొట్టి పదార్థాన్ని గుర్తించే విద్య) ఉన్న చోట చేర్పించండి. పైథాన్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ పక్కన నేర్చుకుంటుంది. తర్వాత పీహెచ్‌డీకి నవీ ముంబైలోని టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్, మణిపాల్ యూనివర్సిటీ, ఇండోర్‌లోని లేజర్ పరిశోధన కేంద్రం ఆర్‌ఆర్‌క్యాట్ వంటి చోట్లు చూడండి, అక్కడ ఇలాంటి పని జరిగింది. పరిశోధన నచ్చకపోయినా చదువు వృథా పోదు. ముడిసరుకు పరీక్షకు ఫార్మా కంపెనీలు రామన్, ఇన్‌ఫ్రారెడ్ పరికరాలు వాడతాయి, హైదరాబాద్‌లో ఫార్మాకు కొదవ లేదు.

ఏడాది కోర్సుకు ఇప్పుడే అడ్వాన్స్ కట్టకండి. ఈ వేసవిలో ఏదైనా ఆప్టిక్స్ ల్యాబులో నెల రోజులు ప్రాజెక్టు చేయనివ్వండి. తిరిగొచ్చాక ఏం చదవాలో తననే అడగండి.